మానసిక జబ్బుకు డిజెబిలిటీ పెన్షన్ రాలేదా? మాజీ సైనికులకు అప్పీలు దారి, మెట్టు మెట్టుగా

సర్వీసు నుంచి పంపేముందు పరీక్షించే రిలీజ్ మెడికల్ బోర్డు కాగితంలో జబ్బు పేరు ఉంటుంది: జనరలైజ్డ్ యాంగ్జయిటీ డిజార్డర్, లేదా మిక్స్‌డ్ యాంగ్జయిటీ అండ్ డిప్రెసివ్ డిజార్డర్, లేదా అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్. దాని పక్కన 30 అనో 40 అనో శాతం, వ్యవధి దగ్గర 'లైఫ్ లాంగ్'. ఇంతవరకూ అన్నీ మీకు అనుకూలమే. ఆ పక్క గడిలో మాత్రం 'నీదర్ అట్రిబ్యూటబుల్ నార్ ఆగ్రవేటెడ్' అని రాసి ఉంటుంది. ఫౌజులో అందరూ 'నానా' అనేది దీన్నే. జబ్బు ఉందని ఒప్పుకున్నారు, ఎంత ఉందో లెక్క కట్టారు, కానీ అది సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరలేదు అన్నారు. పెన్షన్ ఆగింది ఆ ఒక్క గడి దగ్గరే.

చాలామంది అప్పీలంతా మరో గడి మీద రాస్తారు. నిద్ర పట్టడం లేదని, గుండె దడ అని, నెలకింత మందులకే పోతోందని ఆరు పేజీలు నింపుతారు. అవన్నీ నిజమే. కానీ బోర్డు వాటిని కాదనలేదు కదా. అప్పీలులో తేలాల్సిన ప్రశ్నలు మూడే. జబ్బు ఎప్పుడు మొదలైంది, అప్పుడు మీరు ఎక్కడున్నారు, సంబంధం లేదనడానికి బోర్డు చూపిన కారణం ఏమిటి. ఈ మూడింటికీ కాగితంతో జవాబు చెప్పగలిగితే కేసు నిలబడుతుంది.

ముందు, దక్కేది ఎంత

డిజెబిలిటీ ఎలిమెంట్, అంటే పెన్షన్‌లో వైకల్యానికిచ్చే భాగం, నూటికి నూరు శాతం వైకల్యానికి చివరి రెకనబుల్ ఎమాల్యుమెంట్స్‌లో (పెన్షన్ లెక్కకు తీసుకునే చివరి జీతం) 30 శాతం. వైకల్యం తగ్గితే అదే నిష్పత్తిలో తగ్గుతుంది. ఆ ఎమాల్యుమెంట్స్ 50,000 రూపాయలనుకుందాం. నూరు శాతానికి 15,000, అదే 20 శాతానికి 3,000. రౌండింగ్ వస్తే 20 శాతాన్ని 50గా లెక్కిస్తారు, అప్పుడు 7,500. దీనిమీద డియర్‌నెస్ రిలీఫ్ అదనం. మామూలు సర్వీస్ పెన్షన్ ఉన్నవారికి అది అలాగే ఉండి, ఇది దానికి తోడవుతుంది. జీవితాంతం వచ్చే డబ్బు కాబట్టి ఏడాది రెండేళ్ళు ఓపిక పట్టడానికి తగిన మొత్తమే.

మెడికల్‌గా ఇన్‌వాలిడ్ అయి, అంటే జబ్బు కారణంగా తీసేస్తే వచ్చారా, టర్మ్ పూర్తిచేసి వచ్చారా, సొంత కోరికపై వచ్చారా అన్నది డిశ్చార్జ్ బుక్‌లో చూడండి. సొంత కోరికపై వచ్చినవారికి ఇది రాదని ఇప్పటికీ ఊళ్ళలో చెబుతుంటారు. రక్షణశాఖ 2009 సెప్టెంబర్ 29 నాటి ఉత్తర్వుతో, 2006 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ అలా వచ్చినవారికి ఆ అడ్డు తొలగిపోయింది.

మొదటి మెట్టు: మీకు వర్తించే నియమాలు ఏవి

ఇది మీరు బయటికి వచ్చిన తేదీని బట్టి ఉంటుంది. 2008కి ముందు వచ్చినవారికి 1982 నాటి ఎన్‌టైటిల్‌మెంట్ రూల్స్. 2008 జనవరి 1 నుంచి 2008 రూల్స్. 2023 సెప్టెంబర్ 21 నుంచి 2023 రూల్స్, వాటితోపాటు వైద్యాధికారులకు కొత్త గైడు.

తేడా చిన్నది కాదు. 1982 రూల్స్ ప్రకారం చేరేటప్పుడు మీ రికార్డులో ఏ జబ్బూ నమోదు కాకపోతే, మిమ్మల్ని బయటికి పంపిన జబ్బు సర్వీసులోనే పుట్టిందని మామూలుగా అనుకోవాలి. రుజువు భారం మీది కాదు, సందేహం వస్తే దాని లాభం మీకే. 2008 రూల్స్ వచ్చాక, సర్వీసులో బయటపడినంత మాత్రాన సర్వీసు వల్ల వచ్చినట్టు కాదని రాశారు. అయినా మామూలుగా రుజువు చేయమని హక్కుదారుణ్ణి అడగరన్న మాట అందులోనూ ఉంది. ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోండి. బయటికి వచ్చిన 15 ఏళ్ళ తర్వాత, సర్వీసు కాగితాలు గడువు తీరి నాశనమయ్యాక క్లెయిం పెడితే భారం మీమీదికి వస్తుంది. పద్నాలుగో ఏట ఉన్నవారు ఈ వ్యాసం చదవడం ఆపి ముందు కాగితాలకు అర్జీ పెట్టండి.

2023 రూల్స్ కిందికి వచ్చేవారు పాత తీర్పులన్నీ తమకు అలాగే వర్తిస్తాయనుకోకూడదు. ఇన్‌వాలిడ్ కాకుండా సర్వీసు ముగించుకుని వచ్చినవారికి అందులో 'ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్' అనే వేరే పద్దు ఉంది. కింద చెప్పే పద్ధతి వారికీ పనికొస్తుంది, నియమం సంఖ్యలు మాత్రం కొత్త పుస్తకం నుంచే తీసుకోవాలి.

రెండో మెట్టు: కాగితాలు

చేతిలో తిరస్కరణ లేఖ ఒక్కటే ఉంటే అప్పీలు రాయకండి. ఈ కింది కాగితాల కోసం మీ రికార్డ్ ఆఫీసుకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. సికిందరాబాద్‌లోని ఈ.ఎం.ఈ., ఏ.ఓ.సి. రికార్డుల వాళ్ళయినా, నాసిక్ రోడ్ ఆర్టిలరీ రికార్డుల వాళ్ళయినా పద్ధతి ఒకటే. ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, డిశ్చార్జ్ తేదీ రాసి, కాగితాలను పేరుపేరునా అడగండి. 'నా మెడికల్ డాక్యుమెంట్లు' అని ఊరికే రాస్తే చివరి బోర్డు ఒక్కటే పంపి చేతులు దులుపుకుంటారు.

- చేరినప్పటి వైద్య పరీక్ష, అంటే ఏ.ఎఫ్.ఎం.ఎస్.ఎఫ్. 2ఏ
- ప్రతి కేటగిరీ బోర్డు, అంటే ఏ.ఎఫ్.ఎం.ఎస్.ఎఫ్. 15. మొదటిసారి ఎస్-2 లేదా ఎస్-3లో (మానసిక ఆరోగ్యానికి వేసే తక్కువ వైద్య కేటగిరీలు) పెట్టినది తప్పనిసరి
- యూనిట్ కమాండర్ మానసిక వైద్యుడికి మీ గురించి రాసి పంపే రిపోర్టు, ఏ.ఎఫ్.ఎం.ఎస్.ఎఫ్. 10
- సైకియాట్రీ స్పెషలిస్టు రాసిన ప్రతి అభిప్రాయం
- రిలీజ్ లేదా ఇన్‌వాలిడింగ్ బోర్డు పూర్తి ప్రొసీడింగ్స్, ఏ.ఎఫ్.ఎం.ఎస్.ఎఫ్. 16
- తేదీలతో సహా పోస్టింగుల పట్టిక, ఫీల్డ్ సర్వీసు వివరాలు, సెలవులను నమోదు చేసే పార్ట్ టూ ఆర్డర్లు
- ఇంతకుముందు అప్పీలు పెట్టి ఉంటే దానిమీద వైద్యాధికారుల అభిప్రాయం

కాగితాలు మీవే కాబట్టి మూడో వ్యక్తి సమాచారమన్న అభ్యంతరం చెల్లదు. ఇవ్వకపోతే 30 రోజుల్లో అదే చట్టం కింద మొదటి అప్పీలు పెట్టండి. అన్నట్టు, ఈ సమాచార దరఖాస్తు నడుస్తున్నంత మాత్రాన పెన్షన్ అప్పీలు గడువు ఆగదు. గడువు దగ్గరపడితే క్లుప్తంగా అప్పీలు పంపించి, 'కాగితాలు అందాక అదనపు కారణాలు సమర్పిస్తాను' అని అందులోనే రాసిపెట్టుకోండి.

మూడో మెట్టు: బోర్డు కాగితాన్ని గడి గడిగా చదవడం

ఏ.ఎఫ్.ఎం.ఎస్.ఎఫ్. 16ను ఒక పెన్సిలు పట్టుకుని చదవండి. కేసులో సగం దీంట్లోనే ఉంది.

మొదట మీ సొంత ప్రకటన. చేరకముందు జబ్బు ఉందా అన్న ప్రశ్న ఒకటి, సర్వీసులో ఏ సంఘటన వల్ల జబ్బు వచ్చిందని లేదా ముదిరిందని అనుకుంటున్నారన్న ప్రశ్న ఒకటి. ఈ రెండోదాన్ని చాలామంది ఖాళీగా వదిలేస్తారు, లేదా క్లర్కు చెప్పినట్టు 'నో' అని రాసి సంతకం పెడతారు. ఇంటికి వెళ్ళే తొందరలో, బోర్డు త్వరగా ముగియాలని చేసే పని అది. అలా జరిగి ఉంటే దాచకండి. 'ఆ ప్రశ్న అర్థం నాకు వివరించలేదు, అప్పటికి మందుల మీద ఉన్నాను' అన్నది నిజమైతే అప్పీలులో అలాగే చెప్పి, సంఘటనను ఇప్పుడు తేదీతో రాయండి.

తర్వాత బోర్డు అభిప్రాయం. అందులో నాలుగు జవాబులు చూడాలి. సర్వీసులో చేరకముందే జబ్బు ఉందా? 'నో' అని ఉంటే దాన్ని గుండ్రంగా చుట్టండి, అది మీ చేతిలో పెద్ద ఆయుధం. ఉండి ఉంటే మామూలు పరీక్షలో కనిపెట్టలేనిదా? అట్రిబ్యూటబులా, ఆగ్రవేటెడా? చివరిది, కారణం.

కారణం గడిలో సాధారణంగా కనిపించేవి ఇవి. 'ఆన్‌సెట్ ఇన్ పీస్ స్టేషన్, నో క్లోజ్ టైమ్ అసోసియేషన్ విత్ ఫీల్డ్, హెచ్.ఏ.ఏ., సి.ఐ. ఆప్స్.' అంటే జబ్బు పీస్ స్టేషన్‌లో మొదలైంది, ఫీల్డ్‌తో, ఎత్తైన ప్రాంతంతో (హెచ్.ఏ.ఏ.), తిరుగుబాటు అణచివేత డ్యూటీతో (సి.ఐ. ఆప్స్) కాలంలో దగ్గరి సంబంధం లేదని. ఇది అన్నిటికంటే ఎక్కువ. ఇంకొకటి 'కాన్‌స్టిట్యూషనల్', అంటే పుట్టుకతో వచ్చిన తత్వం అని. మరొకటి 'డొమెస్టిక్ స్ట్రెస్'. కొన్నిట్లో అసలు కారణమే ఉండదు, 'వైడ్ పేరా 54 ఆఫ్ జి.ఎం.ఓ.' (వైద్యాధికారుల గైడు 54వ పేరా ప్రకారం) అని ఒక్క ముక్క ఉంటుంది. కారణం లేని కాగితం చూసి నిరాశపడనక్కరలేదు, అప్పీలుకు అది మంచి కాగితం. ఎందుకో కిందికి వస్తే తెలుస్తుంది.

ఇప్పుడు మొదటి కేటగిరీ బోర్డును దీని పక్కన పెట్టండి. అప్పుడు 'ఆగ్రవేటెడ్' అని రాసి రిలీజ్ బోర్డులో 'నానా' అని మార్చారా? జబ్బు మొదలైన తేదీ, స్థలం రెండు కాగితాల్లోనూ ఒకటేనా? జబ్బు పేరు మారిందా? మధ్యలో మీ పరిస్థితి మారకుండా అభిప్రాయం మాత్రం మారితే, ఎందుకు మారిందో బోర్డే చెప్పుకోవాలి.

కమాండర్ రిపోర్టు కూడా చదవండి. 'ఇంటి సమస్యలు ఉన్నాయి, ముభావంగా ఉంటాడు' అన్న ఒక్క వాక్యం పట్టుకుని బోర్డు 'డొమెస్టిక్ స్ట్రెస్' అని రాసేయడం మామూలే. అదే రిపోర్టులో 'పనిలో మంచివాడు, గతంలో ఇలాంటిది లేదు' అని కూడా ఉంటుంది. ఆ రెండో వాక్యం మీది.

నాలుగో మెట్టు: ఆన్‌సెట్ తేదీ

ఇక్కడ కాస్త ఆగాలి, ఎక్కువ కేసులు ఓడేదీ గెలిచేదీ ఇక్కడే.

బోర్డు రాసే ఆన్‌సెట్ తేదీ తరచూ మీరు మిలిటరీ ఆసుపత్రి సైకియాట్రీ వార్డులో మొదటిసారి చేరిన తేదీ. అది రోగనిర్ధారణ జరిగిన రోజు, జబ్బు పుట్టిన రోజు కాదు. ఆందోళన జబ్బు ఒక్క రాత్రిలో రాదు. మనవాళ్ళు 'నాకు యాంగ్జయిటీ' అని చెప్పుకోరు కూడా. గుండె దడ అంటారు, గాభరా అంటారు, కడుపులో మంట, అరిచేతుల చెమటలు, నిద్ర లేదు అంటారు. పోస్టులో ఎం.ఐ. రూముకు (యూనిట్ వైద్యశాల) వెళితే ఛాతీ నొప్పి అని రాసుకుని ఈ.సి.జి. తీసి, నార్మల్ అని గ్యాస్ మాత్రలిచ్చి పంపిస్తారు. అలా రెండేళ్ళు తిరిగాక, యూనిట్ పీస్‌కు దిగాక, అక్కడి పెద్ద ఆసుపత్రిలో డాక్టరు అసలు జబ్బు పేరు పెడతాడు. కాగితం మీద జబ్బు పీస్ స్టేషన్‌లో పుట్టినట్టవుతుంది.

కాబట్టి ఒక తెల్లకాగితం మీద మూడు వరుసలు గీయండి. మొదటి వరుసలో పోస్టింగులు, తేదీలతో: స్థలం, ఫీల్డా పీసా, ఎత్తు ఎంత. రెండో వరుసలో వైద్యం: ప్రతి ఎం.ఐ. రూము సందర్శన, ప్రతి ఈ.సి.జి., నిద్రమాత్ర, సిక్ రిపోర్టు. మూడో వరుసలో సంఘటనలు: కాల్పులు, తోటివాడి మరణం, వాహన ప్రమాదం, హిమపాతం, వరదల్లో శవాల వెలికితీత, సెలవు నిరాకరణ. రెండో వరుసలోని మొదటి గుర్తు ఫీల్డ్ కాలంలో పడిందంటే, 'ఆన్‌సెట్ ఇన్ పీస్' అన్న మాటను బోర్డు సొంత రికార్డే కాదన్నట్టు.

ఎం.ఐ. రూము కాగితాలు దొరకకపోతే సహచరుల ప్రమాణపత్రాలు తీసుకోండి. 'అతను చాలా బాధపడ్డాడు' అని రాయించడం వల్ల ఉపయోగం లేదు. 'ఫలానా నెలలో ఫలానా పోస్టులో ఒకే బంకరులో ఉన్నాం. రాత్రి డ్యూటీ దిగాక పడుకునేవాడు కాదు, వారంలో రెండు మూడుసార్లు ఊపిరాడటం లేదని బయటికి పరుగెత్తేవాడు. నేనే రెండుసార్లు నర్సింగ్ అసిస్టెంటు దగ్గరకు తీసుకెళ్ళాను' అన్నట్టు ఉండాలి. సెలవులో ఇంటికి వచ్చినప్పుడు భార్య, తల్లి చూసింది కూడా సాక్ష్యమే. వారు తెలుగులో చెప్పింది తెలుగులోనే రాయించి సంతకం తీసుకుని, ఇంగ్లిష్ అనువాదం జతపరచండి. రాని భాషలో రాసిన కాగితం మీద వేలిముద్ర వేయించడం కంటే ఇది ఎంతో బలమైనది. ఆ రోజుల్లో ఇంటికి రాసిన ఉత్తరాలు ఉంటే పారేయకండి.

అయిదో మెట్టు: పేరా 54తో పోల్చడం

వైద్యాధికారుల గైడు 2002ది, 2008లో సవరించారు. మానసిక జబ్బులు అందులో 54వ పేరాలో ఉన్నాయి. బోర్డు దీన్ని ఉదహరిస్తుంది కానీ పూర్తిగా చదవదు. సర్వీసుతో సంబంధాన్ని ఒప్పుకోవలసిన పరిస్థితులుగా అందులో చెప్పినవి: కౌంటర్ ఇన్‌సర్జెన్సీ సహా పోరాట ప్రాంతం, హై ఆల్టిట్యూడ్, బాగా ఒంటరిగా ఉన్న పోస్టులు, సముద్రం మీద సర్వీసు, డైవింగ్, జలాంతర్గామి ప్రమాదాలు, ప్రాణనష్టం జరిగిన వాహన, విమాన ప్రమాదాలు, తుపాను, భూకంపం వంటి విపత్తుల్లో శవాల మధ్య పనిచేయడం. తీవ్రమైన గాయం తర్వాత ఏడాదిలోపు వచ్చిన మానసిక సమస్యకూ చోటుంది. జబ్బు తేలి, ఉద్యోగ పరిమితులు పెట్టాక కూడా మళ్ళీ అలాంటి చోటికి పంపితే ముదిరినట్టు ఒప్పుకోవాలి.

ఈ చివరిదాన్ని చాలామంది చూసుకోరు. ఎస్-2లో ఉండగా, ఆయుధం వద్దు, రాత్రి డ్యూటీ వద్దు అని రాసి ఉండగా, గార్డు డ్యూటీ వేశారా? పోస్టింగు పట్టిక, కేటగిరీ బోర్డు పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. అప్పుడు పుట్టుక ఎక్కడైనా కానివ్వండి, ఆగ్రవేషన్ అన్న దారి తెరిచే ఉంది. పెన్షన్‌కు రెండిట్లో ఒకటి చాలు.

ఆరో మెట్టు: మొదటి అప్పీలు

తిరస్కరణ లేఖ అందిన 6 నెలల్లో పంపాలి. జవాన్లు, జె.సి.ఓ.లు రికార్డ్ ఆఫీసు ద్వారా అప్పీలేట్ కమిటీ ఆన్ ఫస్ట్ అప్పీల్స్‌కు పంపుతారు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు, చేరినట్టు ట్రాకింగ్ కాగితం దాచండి. ఆలస్యమైతే ఎందుకైందో వేరే పేజీలో రాసి మన్నించమని కోరండి. మానసిక జబ్బే ఆలస్యానికి కారణమైతే ఆ కాలపు చికిత్స కాగితాలు దానికి జతపరచండి.

నాలుగు పేజీలు దాటనివ్వకండి. మొదటి పేరాలో నంబరు, ర్యాంకు, చేరిన తేదీ, బయటికి వచ్చిన తేదీ, జబ్బు పేరు, శాతం, తిరస్కరణ లేఖ సంఖ్య. రెండో పేరాలో, చేరినప్పుడు షేప్-1 (పూర్తి ఆరోగ్య కేటగిరీ), మానసిక జబ్బు నమోదు లేదు, చేరకముందు జబ్బు లేదని బోర్డే రాసింది. మూడో పేరాలో మీ మూడు వరుసల పట్టిక. నాలుగో పేరాలో బోర్డు కారణాన్ని ఉన్నదున్నట్టు ఉటంకించి దానికి జవాబు. ఇలా:

'జబ్బు పీస్ స్టేషన్‌లో మొదలైందని బోర్డు రాసింది. జతపరిచిన మూడో కాగితం ప్రకారం గుండె దడ, నిద్రలేమితో నేను మొదటిసారి వైద్యం తీసుకున్నది పీస్‌కు రాకముందు, 11,000 అడుగుల ఎత్తులోని పోస్టులో ఉండగా. ఆ రికార్డును బోర్డు ప్రస్తావించలేదు, ఎందుకు పక్కన పెట్టిందో చెప్పలేదు.'

ఇంట్లో కలహాలని రాసి ఉంటే, ఆ కలహం ఏ తేదీది, జబ్బు లక్షణాలు ఏ తేదీవి అని చూపించండి. భార్యాభర్తల మధ్య దూరం పెరగడం చాలాసార్లు ఈ జబ్బు వల్ల జరిగినదే తప్ప జబ్బుకు మూలం కాదు. సెలవు అడిగి దొరకని సంగతి సెలవుల ఆర్డర్లలో ఉంటే అదీ చూపించండి. ఆఖరి పేరాలో కోరిక: డిశ్చార్జ్ తేదీ నుంచి డిజెబిలిటీ ఎలిమెంట్, రౌండింగ్, బకాయిలు.

కోపంతో ఏ అధికారి మీదా ఆరోపణలు రాయకండి. చదివేవాడి దృష్టి ఆ గడి మీది నుంచి మళ్ళిపోతుంది.

ఏడో మెట్టు: రెండో అప్పీలు

మొదటిది తిరస్కరిస్తే మళ్ళీ 6 నెలల్లో సెకండ్ అప్పీలేట్ కమిటీ ఆన్ పెన్షన్‌కు. పాత అప్పీలునే మళ్ళీ పంపితే పాత జవాబే వస్తుంది. తిరస్కరణలో కొత్తగా ఏం చెప్పారో దానికే జవాబు రాయండి.

ఏ అప్పీలుకైనా 6 నెలలు దాటినా జవాబు రాకపోతే ఊరికే ఎదురుచూస్తూ కూర్చోవద్దు. శాఖాపరమైన దారి అయిపోయినట్టు భావించి ట్రిబ్యునల్‌కు వెళ్ళడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఆ 6 నెలలు ముగిసిన నాటి నుంచి మరో 6 నెలలు ట్రిబ్యునల్ గడువు.

ఎనిమిదో మెట్టు: ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్

2007 చట్టం 14వ సెక్షన్ కింద ఒరిజినల్ అప్లికేషన్ వేయాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి. రిటైరైనవారు తాము ఉంటున్న చోటును బట్టి బెంచి ఎంచుకోవచ్చు, కాబట్టి మీ యూనిట్ జమ్మూలో ఉందని అక్కడికి పరుగెత్తనక్కరలేదు.

గడువు ఎప్పుడో దాటిపోయినవారు కూడా ఆశ వదలనక్కరలేదు. పెన్షన్ నెలనెలా రావలసినది కాబట్టి తప్పు కూడా నెలనెలా కొనసాగుతున్నట్టే. తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2008లో తేల్చింది ఇదే, అది కూడా డిజెబిలిటీ పెన్షన్ కేసే. అయితే ఆలస్యానికి మూల్యం ఉంది. పెన్షన్ వచ్చినా బకాయిలు కేసు వేసిన నాటికి వెనక మూడేళ్ళకే పరిమితం కావచ్చు. పదేళ్ళు ఆగినవారు ఏడేళ్ళ డబ్బు పోగొట్టుకున్నట్టే.

తీర్పుల విషయంలో రెండు పక్కలా తెలుసుకుని వెళ్ళండి. ధరమ్‌వీర్ సింగ్ కేసు, 2013: చేరినప్పుడు నమోదు లేకపోతే సర్వీసులో వచ్చినట్టే భావించాలి, కాదంటే బోర్డు కారణాలు రాయాలి. అదే ఏడాది వీర్‌పాల్ సింగ్ కేసు స్కిజోఫ్రెనియాది. బోర్డు అభిప్రాయాన్ని కోర్టు గుడ్డిగా ఒప్పుకోకుండా పునఃపరీక్ష బోర్డుకు పంపింది. 2025 మేలో రాజుమోన్ కేసు కూడా స్కిజోఫ్రెనియాదే. కారణాలు లేని బోర్డు అభిప్రాయం ఆధారంగా పెన్షన్ నిరాకరించకూడదన్నది అందులో సారం. ఖాళీ గడి మంచి కాగితం అన్నది ఇందుకే.

అవతలి న్యాయవాది నర్సింగ్ యాదవ్ కేసు తెస్తాడు, 2019. కొన్ని మానసిక జబ్బులు చేరేటప్పటి పరీక్షలో బయటపడవు కాబట్టి, సర్వీసులో కనిపించినంత మాత్రాన సర్వీసు వల్ల వచ్చినట్టు కాదని అందులో పెన్షన్ ఇవ్వలేదు. దీనికి మీ జవాబు మీ కాగితంలోనే ఉండాలి. చేరకముందు జబ్బు లేదని బోర్డు రాసిందా, ఎన్నేళ్ళ సర్వీసు తర్వాత మొదలైంది, ఏ సంఘటన తర్వాత మొదలైంది. పన్నెండేళ్ళు షేప్-1లో పనిచేసినవాడికి ఒక ఫీల్డ్ పదవీకాలం తర్వాత వచ్చిన ఆందోళన జబ్బు, రిక్రూటుగా ఉండగానే బయటపడ్డ స్కిజోఫ్రెనియా ఒకటి కావు. ఆ తేడాను గట్టిగా చెప్పించండి.

ట్రిబ్యునల్‌లో గెలిచినా అవతలివారు పైకి వెళ్ళవచ్చు. పరషోత్తం దాస్ కేసులో 2023 తీర్పు తర్వాత హైకోర్టు రిట్ దారి ఇద్దరికీ తెరిచే ఉంది.

ఎక్కువగా చెడగొట్టేవి

మద్యం. బోర్డు కాగితంలో 'ఆల్కహాల్ డిపెండెన్స్' అన్న మాట కూడా ఉంటే అది మీ సొంత అలవాటని పక్కన పెడతారు, దాంతోపాటు ఆందోళన జబ్బునూ లాగేస్తారు. ఏది ముందు వచ్చిందో తేదీలతో చూపించడం తప్ప దీనికి వేరే మందు లేదు. నిద్రపట్టక తాగడం మొదలైందని అప్పటి డాక్టరు కేసు షీటులో రాసి ఉంటే ఆ పేజీ బంగారం.

మందులు మానేయడం. జబ్బు ఎక్కువగా కనబడాలని గానీ, నయమైతే పెన్షన్ ఆపేస్తారన్న భయంతో గానీ మందులు మానేసినవారున్నారు. దయచేసి అలా చేయవద్దు. 2001 ఫిబ్రవరి 7 నాటి రక్షణశాఖ ఉత్తర్వు ప్రకారం శాశ్వత వైకల్యంగా బోర్డు వేసిన శాతం, మీరే పునఃపరీక్ష కోరితే తప్ప జీవితాంతం అంతే. మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈ.సి.హెచ్.ఎస్.లో చికిత్స తీసుకుంటే పెన్షన్ తగ్గదు. కేసు ఏళ్ళు సాగుతుంది, ఆ కాలమంతా మీరు బాగుండాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే కేసు సంగతి తర్వాత, ముందు టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఇంట్లోవాళ్ళు కూడా ఆ నంబరు దగ్గర పెట్టుకోండి.

బకాయిల్లో వాటా అడిగే మధ్యవర్తులు. న్యాయవాది గెలుపు సొమ్ములో వాటా మాట్లాడుకోకూడదని బార్ కౌన్సిల్ నియమమే ఉంది. ఫీజు ఇంత అని ముందే కాగితం మీద రాయించుకోండి. ఖాళీ కాగితం మీద, ఖాళీ చెక్కు మీద సంతకం చేయవద్దు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అప్పీలు రాయడానికి సాయం అడగండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ దగ్గర, జాతీయ న్యాయసేవాధికార సంస్థ (నల్సా) 2025లో మొదలుపెట్టిన వీర్ పరివార్ సహాయతా యోజన కింద ఉచిత న్యాయసాయం గురించి అడగండి.

20 శాతం కంటే తక్కువ. ఇన్‌వాలిడ్ అయి వచ్చినవారికి శాతం తక్కువ వేసినా, జబ్బు కారణంగా ఉద్యోగం నుంచి తీసేశారంటే వైకల్యం 20 శాతానికి మించే ఉన్నట్టు భావించాలని సుఖ్విందర్ సింగ్ కేసు, 2014. టర్మ్ పూర్తిచేసి వచ్చినవారికి ఇది వర్తించదు. వారికి శాతాన్ని సవాలు చేస్తూ పునఃపరీక్ష బోర్డు కోరడమే మార్గం.

గెలిచాక

ఉత్తర్వు వచ్చిందని ఊరుకోకండి. ధృవీకరించిన నకలు తీసుకుని రికార్డ్ ఆఫీసుకు, పెన్షన్ మంజూరు చేసే ప్రయాగ్‌రాజ్ పి.సి.డి.ఏ. పెన్షన్స్‌కు పంపండి. పెన్షన్ పోర్టల్ స్పర్శ్‌లో ఫిర్యాదు కూడా నమోదు చేయండి. ఉత్తర్వులో పెట్టిన గడువు దాటితే అమలు కోసం ట్రిబ్యునల్‌లోనే ఎగ్జిక్యూషన్ అప్లికేషన్ వేయాలి.

కొత్త పి.పి.ఓ. (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) వచ్చినప్పుడు నాలుగు అంకెలు సరిచూడండి. పెన్షన్ మొదలైన తేదీ డిశ్చార్జ్ మర్నాడేనా, లేక ఉత్తర్వులో మూడేళ్ళకు కుదించారా. శాతం రౌండ్ అయిందా: 50 కంటే తక్కువైతే 50, 50 నుంచి 75 వరకు 75, 76 నుంచి 100 వరకు 100. ఇది రామ్ అవతార్ కేసులో 2014 డిసెంబర్ 10న సుప్రీంకోర్టు ఖాయం చేసిన లెక్క, 2023 రూల్స్‌కు ముందు వచ్చినవారిది. 2016 జీతాల సవరణ తర్వాతి ఎమాల్యుమెంట్స్ మీద లెక్కించారా. వ్యవధి దగ్గర 'లైఫ్' అని ఉందా, లేక రెండేళ్ళ తేదీ ఒకటి పడిందా. ఆఖరిదాంట్లో తప్పుంటే, రెండేళ్ళ తర్వాత ఒక నెల పెన్షన్ తగ్గి పడినప్పుడు గానీ మీకు తెలియదు. అందుకే కాగితం చేతికందిన వారంలోనే రాతపూర్వకంగా దిద్దమని అడగండి.